నలపకూడని పురుగు

అమలాపురం నుంచి అల్లవరం వెళ్లే బస్సులో సాయంత్రం లైట్లు వేయగానే, ప్రయాణికులంతా ఆపేయమన్నారు. దారికి రెండు పక్కలా కోతలైన వరిచేలు. లైట్లు ఎందుకు ఆపమన్నారో నాకు అర్థం కాలేదు.

పక్కసీటు పెద్దావిడ నా మెడ వైపు చూశారు. "కదలకండి బాబూ, ఏమీ అనుకోకండేం," అంటూ వంగి మెల్లగా ఊదారు. ముక్కూమొహం తెలియని మనిషి అలా చేసేసరికి బిగుసుకుపోయాను. ఎరుపూ నలుపూ కలిసిన చీమలాంటి పురుగు మెడ మీంచి కింద పడింది.

"లైటుకొస్తాయండి. చేత్తో నలిపితే ఆ రసానికి రేపటికల్లా కాలినట్టు బొబ్బలొచ్చేత్తాయి. అందుకే ఊదుతాం."

నా వేళ్ల వైపు చూసుకున్నాను. "ఇందాకే ఒకదాన్ని నలిపేశానండీ."

ఆవిడ గబగబా సంచిలోంచి నీళ్లసీసా తీశారు. "ఆయ్, ఆ చేత్తో కళ్లు ముట్టుకోలేదు కదండీ?"

కిటికీలోంచి వచ్చే దుమ్ముకి అప్పటినుంచీ కళ్లు నులుముకుంటూనే ఉన్నాను.