పల్లం వీధికి అందని గొంతు

ఊళ్ళో అందరూ ఆయన్ని మైకు పెద్దాయన అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవర్నో అనుకుని ఆయనే వెనక్కి తిరిగి చూస్తాడు. చదివింది పల్లెటూరి బడిలో, రేకుల పాక కింద, ఐదో తరగతి వరకే. ఆ ఐదు తరగతుల చదువుతోనే ఊరి చిన్న రేడియో స్టేషనులో తల నెరిసేదాకా పొద్దుటి కబుర్లు చదివాడు. వరద వచ్చిన ఏడు ఏ వంతెన కూలిందో, ఏ దారి మిగిలిందో గొంతు బొంగురుపోయేదాకా చెబుతూనే ఉన్నాడు. సంతలో తప్పిపోయిన పిల్లను తల్లి చేతికి చేర్చింది ఆయన గొంతే. పిడుగుపడి ప్రసార స్తంభం ఒరిగిపోతే నడుముకు తాడు కట్టుకుని పైకెక్కినవాళ్ళలో మొదటివాడు ఆయనే. ఇవన్నీ ఊరివాళ్ళకు ఎలా తెలుసంటే, ఆయనే చెప్పాడు. చాలాసార్లు చెప్పాడు. అయితే ఒక్కటీ అబద్ధం కాదు.

స్టేషనంటే పెద్ద భవనమేమీ కాదు. సైకిలు షాపు మీద రెండు గదులు. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించి ఉంటాయి, బయటి రొద లోపలికి రాకుండా. అయినా కింద షాపువాడు గాలి కొడితే ఆ బుస్సు బుస్సు ప్రసారంలో వినపడేది. "మాకు మేళం కూడా ఉందండోయ్" అని పెద్దాయన మైకులోనే నవ్వేవాడు. ఉన్నది పొద్దుటి పూట ప్రసారం ఒక్కటే. ఏ వీధికి నీళ్ళొస్తాయి, ఏ బస్సు దారి మారింది, ఎవరి తాళాలు పోయాయి, ఎవరింట్లో బిడ్డ పుట్టింది, ఎవరు కాలం చేశారు, ఇవే కబుర్లు. అన్నీ అయ్యాక గొంతు సవరించుకుని ఎప్పుడూ ఒకే మాటతో ముగించేవాడు. "పల్లం వీధి వాళ్ళూ, మీకూ చెప్పాను సుమా!"

క్వారీ పక్కన మెట్లు దిగి వెళ్ళాల్సిన పల్లం వీధిలో చివరి ఇల్లు ఆయన అక్కది. తల్లి పోయినప్పుడు ఆయన పాలు మరవని పసివాడు, ఆవిడ ఇంకా పరికిణీ కట్టే పిల్ల. రాళ్ళ క్వారీలో తట్టలు మోసి తమ్ముణ్ణి బడికి పంపింది. తను మాత్రం పలక పట్టలేదు. సాయంత్రాలు పొయ్యి ముందు కూర్చుని, "నువ్వు చదువు, నేను వింటా" అనేది. వాడు పాఠం గట్టిగా చదివేవాడు, ఆవిడ వినేది. వాళ్ళింట్లో చదువు అలా ఇద్దరి మధ్యా సగం సగం పంచుకున్నారు. క్వారీలో పేల్చిన మందుగుండుకు ఆవిడ చెవులు సగం పోయాయి. అయినా రోజూ పొద్దున రేడియోకి చెవి ఆనించి తమ్ముడి గొంతు వినేది. సాయంత్రం ఆయన మెట్లు దిగి వెళ్ళగానే, "నాకూ చెప్పావులేరా" అనేది. ఊరంతా మెచ్చుకున్నా పెద్దాయనకు ఆ ఒక్క ముక్క పడితేగాని ముద్ద దిగేది కాదు.

అంతా సాగుతుండగా పాత ప్రసార యంత్రానికి కాలం చెల్లింది. విడిభాగాలు ఎక్కడా దొరకడం లేదు. పాత అలలో ప్రసారానికి అనుమతి కూడా ఏడాది చివరితో ఆగిపోతుందని కబురొచ్చింది. ఇకనుంచి డిజిటల్. మేనేజరు అందర్నీ పిలిచి కూర్చోబెట్టాడు. సంగతి విప్పిచెప్పడానికి ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది.

"దారులు మూడున్నాయి" అంది ఆ అమ్మాయి. "ఒకటి, పెద్ద స్టేషన్ల వాళ్ళ టవరులో మనమూ కాస్త చోటు అద్దెకు తీసుకోవడం."

"పెద్ద బస్సులో కిటికీ లేని సీటన్నమాట" అన్నాడు పెద్దాయన.

"అంతే తాతగారూ. రెండోది, ఇంటర్నెట్టులో మాత్రమే ప్రసారం చేసుకోవడం."

"మా వీధుల్లో ముసలాళ్ళకి ఫోను మాట్లాడటమే గగనం. వదిలెయ్యమ్మా."

"మూడోది, చుట్టుపక్కల ఉన్న మరో మూడు చిన్న స్టేషన్లతో కలిసి మన పాత స్తంభం మీదే ఒక చిన్న డిజిటల్ ట్రాన్స్‌మిటరు పెట్టుకోవడం. నలుగురి మాటా ఒకే అల మీద వెళుతుంది. రేడియోలో ఎవరికి కావలసింది వాళ్ళు ఎంచుకుంటారు."

"ఒకే పందిట్లో నాలుగు పెళ్ళిళ్ళు! అదే బాగుంది" అన్నాడు పెద్దాయన. మేనేజరు కూడా తలూపాడు. మాట ఖాయమైంది.

ఆ అమ్మాయి అక్కడితో ఆపలేదు. "ఒక్కటి గుర్తుంచుకోండి. పాత అలలో దూరం పెరిగేకొద్దీ బుసబుస పెరుగుతుంది. ఆ బుసలోంచే మాట చెవినపడుతుంది. డిజిటల్‌లో ఆ మధ్యరకం ఉండదు. అందితే అద్దంలా ఉంటుంది, అందకపోతే చడీచప్పుడూ ఉండదు. పల్లపు చోట్లకి అందకపోతే మాటను అందుకుని మళ్ళీ పంపే చిన్న రిపీటరు అక్కడ పెట్టొచ్చు. కానీ ఎక్కడ అందడం లేదో మనం ఇప్పుడే చెప్పాలి. తరవాత అడిగితే మళ్ళీ విడత డబ్బు వచ్చేదాకా ఆగాల్సిందే."

ప్రయోగ ప్రసారం నడిచిన రోజుల్లో ఊరిని తలా ఓ వైపు పంచుకున్నారు. క్వారీ వైపు పెద్దాయన వంతు. కొత్త రేడియో చేతిలో పట్టుకుని వీధి వీధీ తిరిగాడు. పల్లం వీధి మెట్ల దగ్గరికి వచ్చేసరికి జల్లు పడి మెట్లు జారుడుగా ఉన్నాయి. మోకాళ్ళు సలుపుతున్నాయి. పై మెట్టు మీద నిలబడి రేడియో చెవి దగ్గర పెట్టుకున్నాడు. మేనేజరు మాట అద్దంలా వినిపించింది. సాయంత్రం ఎలాగూ అక్క దగ్గరికి దిగేదేగా, అప్పుడు చూసుకోవచ్చు అనుకున్నాడు. సాయంత్రాలు ప్రసారమే ఉండదన్న సంగతి ఆ మనిషికి, ఆ స్టేషనులోనే జీవితం గడిపిన మనిషికి, ఆ క్షణాన తట్టలేదు.

"పల్లం వీధిలోకి దిగి చూశారా తాతగారూ?" అని అడిగింది ఇంజనీరమ్మాయి.

"నేను ఎత్తి నిలబెట్టిన స్తంభం అమ్మా అది! మా అక్క ఇంట్లో గంటలా వినపడుతుంది" అన్నాడు ఛాతీ విరిచి.

ఆ అమ్మాయి నమ్మింది. పెద్దాయన మాటను నమ్మనివాళ్ళు ఆ ఊళ్ళో ఎవరున్నారు గనక?

అక్కకు కొత్త రేడియో ఆయనే పట్టుకెళ్ళి గూట్లో పెట్టాడు. "పొద్దున్నే ఈ మీట నొక్కు. వెలుగొస్తుంది, అక్షరాలొస్తాయి. పాతదానిలా బుసకొట్టదు. గంటలా వినపడుతుంది చూడు" అని గట్టిగా చెప్పాడు. మర్నాటి నుంచి పాత అల ఆగిపోయింది. ఆ సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో, "నాకూ చెప్పావులేరా" అంది అక్క. పెద్దాయన పొంగిపోయాడు. ఆ తరవాత కూడా రోజూ అదే మాట.

చలికాలంలో ఆయనకు జ్వరం తగిలింది. మాట పెగల్లేదు. ఆ పొద్దున మేనేజరే కబుర్లు చదివాడు. సాయంత్రానికి కాస్త నెమ్మదించి, గొంతుకు గుడ్డ చుట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాడు.

"నాకూ చెప్పావులేరా" అంది అక్క. "ఇవాళ నీ గొంతు మరీ గంటలా ఉంది."

పెద్దాయన గొంతుకు చుట్టుకున్న గుడ్డ తడిమి, గూట్లోని పెట్టె వైపు చూశాడు.

మర్నాడు స్టేషనుకు వెళ్ళలేదు. మెట్లు దిగి అక్క ఇంటి కిటికీ పక్కన నిలబడ్డాడు. ఆవిడ ముఖం కడుక్కుంది. పైట సర్దుకుంది, ఎవరో పెద్దమనిషి ఇంటికి వస్తున్నట్టు. మీట నొక్కింది. పెట్టె వెలిగింది. దానికి చెవి ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెట్టెలోంచి చీమ చిటుక్కుమన్న చప్పుడైనా రాలేదు. ఆవిడ అలాగే కూర్చుంది. ఎండ గడప దాటాక లేచి మీట కట్టేసింది.

ఆయన లోపలికి వెళ్ళి మళ్ళీ మీట నొక్కి చూశాడు. స్టేషను పేరు, దాని కింద రెండు మాటలు: సిగ్నల్ లేదు. ఇన్నాళ్ళూ రోజూ పొద్దున ఆ పెట్టె అక్కకు నిజమే చెబుతోంది. ఆవిడకే చదువు రాదు.

"అక్కా, ఎందుకు చెప్పలేదే?"

"ఏం చెప్పమంటావురా? వెలుగొస్తోంది, అక్షరాలొస్తున్నాయి. నువ్వు చెప్పినవన్నీ వస్తున్నాయి. నా చెవులకే కాలం చెల్లింది. అది చెబితే నువ్వు దిగులుపడతావు."

"నీ చెవులు కాదే! పెట్టెకే అందడం లేదు. పల్లంలో మాట అందదు. తప్పు నాది. నేను మెట్లు దిగి చూడలేదు."

అక్క నవ్వింది. చిన్నప్పుడు వాడు పలక పగలగొట్టుకుని వచ్చి కథలు అల్లితే నవ్వే నవ్వు. "నన్ను ఓదార్చడానికి నీ పేరు పాడుచేసుకోకురా. నువ్వే కదా గంటలా వినపడుతుందన్నావు. నీ మాట ఎప్పుడైనా తప్పిందా?"

ఎన్ని విధాల చెప్పినా ఆవిడ నమ్మలేదు. తన చెవుల కంటే తమ్ముడి గొప్పే ఆవిడకు నిజం. పక్కింట్లో ఉండే రాళ్ళు కొట్టే ఆమె కూడా వచ్చి, "పెద్దమ్మా, మా పెట్టె కూడా మూగదేనమ్మా, పాడైందనుకుని ఊరుకున్నాం" అని చెప్పింది. "నువ్వూ వాడికి వత్తాసేనా!" అని కసిరింది అక్క.

పెద్దాయన తిన్నగా స్టేషనుకు వెళ్ళి అందరి ముందూ నిలబడ్డాడు. "పల్లం వీధిలోకి నేను దిగలేదు. పై మెట్టు మీద నిలబడి విని, కింద వినపడుతుందని చెప్పాను." వరద గురించీ పిడుగు గురించీ చెప్పిన నోరే ఇదీ చెప్పింది. మేనేజరు ఆయనకు కుర్చీ జరిపాడు. తిడితే బాగుండును అనిపించింది ఆయనకు. ఇంజనీరమ్మాయి, "ఇవాళే రాస్తాను తాతగారూ. కానీ విడత రావాలి" అంది.

ఆ రోజు నుంచి ప్రసారం అయిపోగానే ఆయన మెట్లు దిగి, అవే కబుర్లు అక్క చెవి దగ్గర మళ్ళీ మొదటి నుంచీ చెప్పేవాడు. ఆవిడ వినేది. వింటూనే మధ్యలో, "పాపం, నా చెవుల కోసం రెండుసార్లు గొంతు అరగదీసుకుంటున్నావు" అనేది. ఆయన కాదనేవాడు. ఆవిడ సరేలే అని నవ్వేది. ఆ నమ్మకంతోనే, ఎండలు ముదిరే వేళకు, నిద్రలోనే పోయింది. మర్నాడు ప్రసారంలో ఆ కబురు ఆయనే చదివాడు. "పల్లం వీధి, చివరి ఇల్లు" అని ఆగి, నీళ్ళు తాగి, మిగతాది పూర్తి చేశాడు. ఆవిడ పోయిన కబురు ఆవిడ వీధికే వినపడలేదు.

వానలు మొదలయ్యాక విడత వచ్చింది. క్వారీ షెడ్డు మీద చిన్న రిపీటరు బిగించారు. మర్నాటి పొద్దున పెద్దాయన కబుర్లన్నీ చదివాడు. చివర గొంతు సవరించుకున్నాడు. చాలాసేపు ఏమీ వినపడకపోయేసరికి కింద షాపువాడు గాలి కొట్టడం ఆపి తలెత్తాడు. అప్పుడు మెల్లగా వచ్చింది ఆ మాట. "పల్లం వీధి వాళ్ళూ, మీకూ చెప్పాను సుమా."

కాసేపటికి ఇంజనీరమ్మాయి ఆయాసపడుతూ మేడెక్కి వచ్చింది. చెప్పుల నిండా బురద.

"వినపడింది తాతగారూ. గంటలా వినపడింది."

పెద్దాయన ఆ బురద వైపు చూశాడు.

"మెట్లు దిగావా అమ్మా?"

"దిగాను. చివరి ఇంటి దాకా వెళ్ళాను. తాళం వేసి ఉంది. గుమ్మంలో నిలబడి విన్నాను."

"అదీ పనంటే" అన్నాడు పెద్దాయన. మైకు మీద స్పాంజి తొడుగు సరిచేసి, దీపం ఆర్పాడు.