ఎమ్మెల్యేగారు లైన్లో ఉన్నారు

కొందరు నాయకులకు పూలదండ కనిపిస్తే మెడ దానంతటదే ముందుకు సాగుతుంది. కొందరికి కెమెరా కనిపిస్తే ముప్ఫై రెండు పళ్ళూ బయటికొస్తాయి. మా ఎమ్మెల్యే మొగిలిగారికి మాత్రం లైను కనిపిస్తే చాలు, వెళ్ళి చివర నిలబడిపోతారు. అది దేనికోసం లైనో అడిగే అలవాటు లేదు. ముందు నిలబడటం, ఆ తర్వాత ఎదుటివాడి భుజం తట్టి "ఏమిస్తుండ్రు తమ్మీ?" అని అడగటం.

ఈ జబ్బుకు బలైపోయిన మనిషి ఆయన పీఏ పార్థసారథిగారు. భీమవరం వారు. సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరై, మియాపూర్లో ఫ్లాటు కొనుక్కుని, ఇంట్లో ఊరికే కూర్చుంటే భార్య రాజరాజేశ్వరిగారు కందిపప్పులో రాళ్ళు ఏరిస్తారని భయపడి ఈ కొలువులో చేరారు. చొక్కా ఇస్త్రీ నలగకూడదు, ఎక్కడికైనా టైముకు ముందే చేరాలి. ఆయన మతం ఇంతే. అలాంటి మనిషి చేతికి దేవుడు మొగిలిగారిని అప్పగించాడు.

చేరిన మొదటిరోజే అసెంబ్లీకి బయల్దేరారు. రాయదుర్గం దగ్గర సిగ్నల్ పడింది. పచ్చ లైటు వెలిగేసరికి వెనక సీటు ఖాళీ. పక్కనే అద్దాల మేడ ముందు ఫైళ్ళు పట్టుకున్న కుర్రకారు బారులు తీరి ఉంటే, ఎమ్మెల్యేగారు అందరికన్నా చివర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. వెనక వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆయన ముందు దూరుతున్నారు, ఆయన జరుగుతూనే ఉన్నారు. ఆఖరికి ఆయన వంతు వచ్చేసరికి లోపలి అమ్మాయి అలిసిపోయి తల కూడా ఎత్తలేదు.

"టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్."

"మీ ఎమ్మెల్యేనమ్మా."

"ఎక్స్‌పీరియన్స్?"

"రెండుసార్లు గెలిచిన."

"నోటీస్ పీరియడ్?"

"ఐదేండ్లు. గని ఇచ్చేది నేను కాదు, జనం."

"ఓకే. వీ విల్ గెట్ బ్యాక్ టు యూ."

ఆ తర్వాత నెలరోజులు ఒకటే గోల. "పార్థసారథి సారూ, ఆ పిల్ల ఫోన్ చేసిందా?" ఉండబట్టలేక పార్థసారథిగారు చెప్పేశారు: "అది రాదండి. 'పొండి' అనడానికి మర్యాద మాటండి అది."

మొగిలిగారి మొహం వాడిపోయింది. "అంటే గీ పోరగాళ్ళందరు ఫోన్ చేతుల పట్టుకొని గిట్లనే కూసున్నరా?"

నిరుద్యోగం మీద చర్చ వచ్చిన రోజు సభలో లేచి, "అధ్యక్షా, నాకే ఇంకా ఫోన్ రాలే!" అన్నారు. పడీపడీ నవ్వనివాళ్ళు లేరు. ఆయన నవ్వలేదు. తన నియోజకవర్గంలో ఏ జాబ్ మేళా పెట్టినా ఔనో కాదో ఆ రోజే మొహం మీద చెప్పాలని కంపెనీల వెంటపడి మరీ ఒప్పించారు.

స్కూలు సంగతీ అంతే. సర్కారు బడిలో ఆరో తరగతి సీట్ల కోసం తల్లిదండ్రులు బారు కడితే వాళ్ళ వెనకే ఈయన. హెడ్మాస్టరమ్మ అదిరిపడి "ఎవరికండీ సీటు?" అంటే, "నాకే మేడం. నా ఇంగ్లీషు ఆరో తరగతిల ఆగిపోయింది, ఆడికెల్లే షురూ చెయ్యుర్రి" అన్నారు.

ఇవన్నీ ఒక ఎత్తు, సర్కారు దవాఖాన ఒక ఎత్తు. అక్కడ ఒకరోజు స్కానింగు లైన్లో నిలబడ్డారు. ముందున్నవాళ్ళందరూ నిండు గర్భిణులు. ఆయా ఎల్లమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది.

"ఏందన్నా, ఎన్నో నెల?"

"నెలలేంది ఎల్లమ్మా, ఇది ఎనిమిదో ఏడు" అన్నారు, తన పదవి గురించే అడుగుతోందనుకుని.

డాక్టరు భోజనం మానేసి ఆఖరి గర్భిణిదాకా చూస్తూనే ఉన్నాడు. ఈలోగా ఎవరో ఫొటో తీశారు. సాయంత్రానికి అది మియాపూర్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగొచ్చింది. పార్థసారథిగారు చెప్పులు విప్పుతుండగానే రాజరాజేశ్వరిగారు ఎదురొచ్చి, "ఏవండీ, మీ ఎమ్మెల్యేగారికి శుభవార్తటగా! సీమంతం ఎప్పుడండీ?" అన్నారు. ఆ రాత్రి పార్థసారథిగారికి అన్నం సయించలేదు.

ఆయన బాధ లైను గురించి కూడా కాదు, లైన్లో జరిగే అవమానం గురించి. వచ్చిన ప్రతివాడూ "అన్నా, జర జరుగు" అంటాడు, ఈ మహానుభావుడు జరుగుతాడు. పొద్దున నిలబడ్డ మనిషి మధ్యాహ్నానికీ చివరే. "ఇంత మెతక మనిషి ఎమ్మెల్యే ఎలా అయ్యాడే?" అని భార్యతో మొత్తుకునేవారు. "ఓటర్లు కూడా జరగమని ఉంటారు, జరిగి జరిగి అసెంబ్లీలో పడుంటారు" అనేవారావిడ.

ఇలా ఉండగా పార్థసారథిగారు ఎదురుచూస్తున్న రోజు వచ్చింది. శేరిలింగంపల్లిలో ఒక ఫంక్షన్ హాలులో జాబ్ మేళా. దానికి పార్టీ పెద్దాయన వస్తున్నారు. ఒక కార్పొరేషన్‌కు చైర్మన్ పదవి ఖాళీగా ఉంది, మొగిలిగారి పేరు ఆయన పరిశీలనలో ఉంది. సరిగ్గా ఒంటిగంటకు స్టేజి మీద ఎదురుపడి దండం పెడితే పనైపోయినట్టేనని కబురొచ్చింది. చైర్మన్ పీఏ అంటే ఆ దర్జాయే వేరు. పార్థసారథిగారు కొత్త చొక్కా తొడుక్కున్నారు. దారిలో లైన్లు కనపడకుండా కారు అద్దాలకు తెరలు కూడా కట్టించారు. హాలు వెనక గేటు నుంచి లోపలికి దించి, శాలువా తేవడానికి ఇలా వెళ్ళి అలా వచ్చారు.

ఎమ్మెల్యేగారు లేరు.

వెతకాల్సిన పనేముంది? టోకెన్ల కౌంటరు ముందు లైను చివర నిలబడి ఉన్నారు. టోకెను ఉంటేనే లోపలికి ఇంటర్వ్యూకి పంపుతారు. ఒంటిగంటకు కౌంటరు మూసేస్తారని బోర్డు వేలాడుతోంది.

"సార్! పెద్దాయన కారు హఫీజ్‌పేట దాటిందటండి! రండి!"

"వస్త సారూ, నా వంతు రానీ."

ఇంతలో ఒకమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఏదో ఐటీ కంపెనీ హౌస్‌కీపింగ్ యూనిఫాం, చెమటతో తడిసిపోయి ఉంది. పేరు శ్రీలత. డిగ్రీ పాసై, ఆ కంపెనీలోనే నేలలు తుడుస్తోంది.

"అన్నా, అయిపోయిందా? డ్యూటీ నుంచి ఇడవలేదన్నా..."

"యాడ అయిపోయింది? నేనింక నిలబడే ఉన్న గద! రా, నా ముంగట నిలబడు."

కౌంటరులో ఉన్న లోహిత్ అనే కుర్రాడు గడియారం చూశాడు, ఒంటిగంట కావస్తోంది. షట్టరు మీద చెయ్యి వేశాడు. లైను చివర నిలబడ్డ ఎమ్మెల్యేను చూశాడు. చెయ్యి తీసేసి, "నెక్స్ట్!" అన్నాడు.

పార్థసారథిగారి బుర్రలో ఏదో టక్కుమంది. స్కానింగు డాక్టరు ఆ రోజు భోజనం మానేసి మరీ ఆఖరి గర్భిణిదాకా ఎందుకు చూశాడో, అద్దాల మేడవాళ్ళు అలిసిపోయిన ఆ అమ్మాయిని ఎందుకు లేవనివ్వలేదో ఇప్పుడు అర్థమైంది. ఎమ్మెల్యే చివర నిలబడి ఉండగా ఏ కౌంటరైనా ఎలా మూస్తారు?

"సార్... మీరు కావాలనే...?"

మొగిలిగారు దొంగ దొరికిపోయినట్టు నవ్వారు. "ఎన్కట బోరబండల నీళ్ళ ట్యాంకర్ నడిపేటోణ్ణి సారూ. లైను ఆఖర్ల ఉన్నోళ్ళకు ఎప్పుడు నీళ్ళందకపోయేటియి. ఆల్ల మొకాలు చూడలేక నా బిందె దెచ్చి అందరికన్న ఎన్క పెట్టిన. డ్రైవర్ బిందె నిండకుంటే ట్యాంకర్ యాడికి పోతది?"

"మరి చైర్మన్ పదవండీ?"

"ఇంకా పొద్దుగాల షిఫ్టోళ్ళు దిగలే. ఒంటిగంటకు దిగుతరు, ఆల్లొచ్చేదాంక ఈ లైను ఉండాలె. నేను గిట్ల స్టేజికి పోయిననుకో, షట్టర్ పడ్తది."

బయట సైరన్ మోగింది. పెద్దాయన కారు. పార్థసారథిగారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. తెరిచి, తన ఉద్యోగ జీవితంలో ఏ అధికారితోనూ అనని మాట అన్నారు.

"సార్, మీ చెప్పులిటు విప్పండి."

మొగిలిగారు బిత్తరపోయి విప్పారు. పార్థసారథిగారు వాటిని లైను చివర జంటగా పెట్టి, ఎమ్మెల్యేను స్టేజి వైపు తోశారు.

లోహిత్ మళ్ళీ షట్టరు పట్టుకున్నాడు. "సార్, టైమైంది."

"ఆగండి బాబూ. ఎమ్మెల్యేగారి చెప్పులు లైన్లో ఉన్నాయండి" అన్నారు పార్థసారథిగారు, సూపరింటెండెంటు గొంతుతో. లోహిత్ చెప్పులకేసి చూశాడు, ఆయనకేసి చూశాడు, కూర్చున్నాడు.

పొద్దుటి షిఫ్టు జనం రానే వచ్చారు. సెక్యూరిటీ గార్డులు, క్యాబ్ డ్రైవర్లు, క్యాంటీన్ అమ్మాయిలు. "రండమ్మా, ముందుకు రండి. ఏం పర్లేదండీ, ఇదుగో ఇక్కడ" అంటూ ఒక్కొక్కరికీ చోటిస్తూ, వంగి చెప్పుల్ని వెనక్కి జరుపుతున్నారు పార్థసారథిగారు. కొత్త చొక్కా ఇస్త్రీ ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు.

కాసేపటికి మొగిలిగారు ఒట్టి కాళ్ళతో తిరిగొచ్చారు.

"ఏమన్నారండీ?"

"చెప్పుల్లేకుంటొచ్చినవేంది, ఏమన్న మొక్కా అన్నడు. లైన్ల ఉన్నయని చెప్పిన. ఎగాదిగా చూసిండు."

"పదవి సంగతండీ?"

"ఫోన్ చేస్తనన్నడు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది ఎవరో చెప్పడం కష్టం.

అప్పుడే శ్రీలత లోపలి నుంచి ఉరికొచ్చింది. "అన్నా! సోమారం నుంచి రమ్మన్నరు! ఫోన్ చేస్తమని అనలే!"

మొగిలిగారు ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, కళ్ళు తుడుచుకోవడానికి చెప్పులు వెతుకుతున్నట్టు వంగారు.

ఇంతలో పార్థసారథిగారి ఫోను మోగింది. రాజరాజేశ్వరిగారు.

"ఏవండీ, మా గ్రూపులో ఫొటో వచ్చింది. చెప్పుల కాపలాకి ప్రమోషన్ ఇచ్చారటగా?"

గేటులోంచి ఇంకో ఇద్దరు ఆయాసపడుతూ వస్తున్నారు. పార్థసారథిగారు వంగి చెప్పుల్ని ఇంకాస్త వెనక్కి జరిపి, పక్కనే తన బూట్లు కూడా విప్పి పెట్టారు.

"తర్వాత మాట్లాడతానే" అన్నారు. "నేనిప్పుడు లైన్లో ఉన్నాను."