ఒకటో నంబరు డబ్బా

మా మామగారికి ఒక రంగులరాట్నం ఉండేది. గుర్రాలతో గుండ్రంగా తిరిగేది కాదు, నిలువుగా రెండంతస్తుల మేడ ఎత్తు లేచేది. ఎనిమిది డబ్బాలు, ఒక డీజిల్ ఇంజను, ఇంజనుకూ చక్రానికీ మధ్య పొడవైన బెల్టు. చలికాలంలో వరంగల్ ఎగ్జిబిషన్‌లో, మిగతా రోజుల్లో తొర్రూరు, మరిపెడ వైపు జాతరల్లో దాన్ని నిలబెట్టేవాళ్లు. బి.ఏ. పరీక్షలు రాసి, ఫలితాలు రాకముందే నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్లాను. నన్ను భయపెట్టింది అత్తింటి మనుషులు కాదు, ఆ ఇనుము. చక్రం బిగించే రోజు సమ్మెటలు పడుతుంటే నా పళ్లు జివ్వుమనేవి. ఒకసారి దూలం జారి ఒక కూలీ పాదం నలిగింది. చెప్పు కోసి తీస్తే చెప్పుతోపాటు బొటనవేలి గోరు వచ్చింది.

మామగారు మోటు మనిషి. పనివాళ్లను బూతులు తిట్టేవాడు, ఒక్కోసారి చెయ్యి కూడా చేసుకునేవాడు. కానీ ఎక్కడానికి వచ్చిన జనం విషయంలో ఆయన లెక్క వేరు. ప్రతి డబ్బాలో వరంగల్ కొత్తవాడ నేతగాళ్ల జంపఖానా మడిచి మెత్తగా కుట్టించేవాడు. ఒళ్లో అడ్డంగా ఇనప రాడ్, దానికి తోడు నడుముకు తోలు బెల్టు. గేటు దగ్గర ఇద్దరు మనుషులు ఉండేవాళ్లు. ఒకడు రాడ్ వేసి చీల పెడితే, రెండోవాడు దాన్ని లాగి చూసేవాడు. "ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు మొకం సూడాలె. దిగినోడు నవ్వితే రేపు ఇంటిల్లిపాదిని తోల్కొస్తడు" అనేవాడు. 

ఇంకొక ఆచారం ఉండేది. రోజూ సాయంత్రం మొదటి విడతలో జనం కంటే ముందు ఇంటి పిల్ల ఎక్కాలి. దాన్ని బోణీ అనేవాళ్లు. వాళ్ల పిల్లనే ఎక్కించారంటే భయం లేదని జనం ముందుకు వస్తారు. మామగారి చిన్నతనంలో ఆయన, తర్వాత నా భర్త, ఆ తర్వాత మా అమ్మాయి. నడక వచ్చిన దగ్గర నుంచి అది నా ఒళ్లో కూర్చుని ఒకటో నంబరు డబ్బాలో బోణీ తిరిగేది. పైకి వెళ్లినప్పుడు నేను కళ్లు మూసుకునేదాన్ని. అది చప్పట్లు కొట్టేది.

మామగారు పోయాక రాట్నం నా భర్త చేతికి వచ్చింది. డీజిల్ ధర పెరిగిన కాలం. ఊళ్లో టెంటు సినిమాలు పెరిగాయి, ఎగ్జిబిషన్‌లో స్థలం కిరాయి పెరిగింది. ఆయన బాధ అబద్ధం కాదు. కానీ ఆయన కోత పెట్టిన చోటు వేరు. ముందు జంపఖానాలు పోయాయి. చిరిగినవి తీసేయడమే కానీ కొత్తవి కుట్టించలేదు. జనం చీరలకు తుప్పు అంటుతోందని నేను చెప్పాను. 

"జనం జంపఖానా మీద కూసునెటందుకు రారే, మీదికి పోనీకి వస్తరు" అన్నాడు. 

తర్వాత ఒక్క టికెట్టుకు ఏడు తిప్పులు ఐదయ్యాయి. తోలు బెల్టులు తెగినవి తెగినట్టే ఉండిపోయాయి. గేటు దగ్గర లాగి చూసే రెండో మనిషిని మాన్పించాడు. చివరికి టికెట్లు ఇచ్చే గుమాస్తాను కూడా పంపేసి, నన్ను రాట్నం పక్కనున్న టికెట్ల రేకుల డబ్బాలో కూర్చోబెట్టాడు. చదువుకున్నదానివి, చిల్లరలో తప్పు చేయవు అన్నాడు. అప్పటి నుంచి నాకు జనం ముఖాలు కనిపించలేదు. చిన్న కిటికీలోంచి లోపలికి వచ్చే చేతులే కనిపించేవి. మా అమ్మాయి ఒంటరిగా బోణీ ఎక్కడం మొదలుపెట్టింది. అప్పటికి దానికి ఐదేళ్లు. 

ఒకరోజు మధ్యాహ్నం, ఇంకా జనం రాకముందు, దాని రిబ్బను పడిపోయిందంటే వెతకడానికి ఒకటో నంబరు డబ్బాలోకి వంగాను. కింద మెత్తటి కొత్త జంపఖానా ఉంది. బెల్టుకు నూనె రాసి ఉంది. రాడ్‌కు మెరిసే కొత్త చీల. పక్క డబ్బా చూశాను. ఉత్త రేకు. బెల్టు లేదు. నాలుగో దానిలో చీల ఉండాల్సిన చోట బైండింగ్ వైరు రెండు చుట్లు చుట్టి ఉంది. 

మామగారి కాలం నుంచి రాట్నం నడిపే ముసలి మిస్త్రీ అక్కడే ఇంజను తుడుస్తున్నాడు. ఇదేమిటని అడిగాను. ఆయన గుడ్డ పిండి భుజాన వేసుకున్నాడు. 

"గదొక్కటే మనది బిడ్డా" అన్నాడు. "కడమయన్ని జనానియి."

నా ఒళ్లంతా మండింది. రోజూ నా బిడ్డను చూసి, భయం లేదనుకుని ఎక్కుతున్నారు అందరూ. బోణీ అంటే అసలు అర్థమే తిరగబడింది. భర్తను ఇంజను వెనక్కి పిలిచి అడిగేశాను. ఆయన ముందు నవ్వాడు, తర్వాత సీజను అయ్యాక చేయిస్తానన్నాడు. నేను ఆగలేదు. ఇవాళే చేయించాలి, లేకపోతే టికెట్లు ఇవ్వనన్నాను. 

"నీ బిడ్డకేమన్న అయితాందా? దానిదైతే మంచిగ చేయించిన గద?" 

"నా బిడ్డను ఎరగ పెడుతున్నవు" అన్నాను. 

చేతిలో ఉన్న పానా విసిరాడు. అది నా చెవి పక్కనుంచి పోయి రేకుల డబ్బాకు తగిలి సొట్ట పెట్టింది. తర్వాత దగ్గరికి వచ్చి చెంప మీద కొట్టాడు. పై పెదవి పన్ను మీద చీలింది. మా అమ్మాయి చూస్తూనే ఉంది. ఏడవలేదు. నేను వెతికి ఇచ్చిన రిబ్బను నోట్లో పెట్టుకుని నమిలింది. 

ఆ సాయంత్రం నేనేం చేశానో రాయకపోతే ఈ రాతకు అర్థం లేదు. పెదవి కడుక్కుని రేకుల డబ్బాలో కూర్చున్నాను. నా బిడ్డ ఒకటో నంబరులో ఎక్కింది. అది భద్రంగా ఉంటుందని నాకు తెలుసు. తెలిసే టికెట్లు ఇచ్చాను. కిటికీలోంచి ఒక ఆడమనిషి చెయ్యి వచ్చింది. గోళ్ల చుట్టూ ఎర్రరంగు పట్టి ఉంది. నూలుకు రంగులు వేసే కొత్తవాడ చెయ్యి. ఒక్కటే టికెట్ అడిగింది. భయమైతలేదా అని వెనకనుంచి ఎవరో అంటే, గంత చిన్న పోరి ఎక్కింది, నాకేంది అని నవ్వింది. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని ఆమె భర్త కింద నిలబడ్డాడు. ఆమె నాలుగో డబ్బాలో కూర్చుంది. 

మూడో తిప్పులో నాలుగో డబ్బా కిందికి దిగుతుంటే వైరు తెగింది. రాడ్ తెరుచుకుంది. రెండు నిలువుల ఎత్తు నుంచి ఆమె చెక్కల మెట్టు అంచు మీద బోర్లా పడింది. నేను కిటికీలోంచి చూడలేదు, విన్నాను. కొబ్బరికాయ కొట్టినట్టు ఒక చప్పుడు, వెంటనే ఆమె భర్త అరుపు. బయటికి పరుగెత్తేసరికి ఆమె దవడ పక్కకు జరిగి ఉంది. మోచేయి తిరగాల్సిన వైపు కాక ఇంకోవైపు తిరిగి ఉంది. జాకెట్టంతా రక్తం. 

మిస్త్రీ ఇంజను ఆపేశాడు. జనం ఆయన మీద పడ్డారు. ఎవరో ఇంజను బెల్టు లాగేశారు, ఎవరో ఇంజను మీద బండరాయి వేశారు. నా భర్త ఎక్కడా లేడు. మోటారుసైకిళ్లు తిరిగే చావుబావి డేరా వెనక దాక్కున్నాడని తర్వాత తెలిసింది. ఆమె భర్త చెప్పులు పారేసి ఒక గుంజ పీకి మిస్త్రీ వీపు మీద కొడుతున్నాడు. ఒకడు తల మీద తన్నాడు. ఆ ముసలాయన చేతులు అడ్డం పెట్టుకోలేదు. పరుగెత్తలేదు. రెండు చేతులతో, భుజంతో బ్రేకు కట్టెను అదిమిపట్టుకుని దెబ్బలన్నీ తింటున్నాడు. 

జనానికి తెలియదు, నాకు తెలుసు. బెల్టు పోయాక చక్రాన్ని ఆపేది ఆ కట్టె ఒక్కటే. ఆయన వదిలితే బరువున్న వైపుకు చక్రం ఒక్కసారిగా తిరగబడుతుంది. పైన ఇంకా ఏడు డబ్బాల్లో మనుషులున్నారు. అన్నిటికంటే పైన ఒకటో నంబరు ఆగి ఉంది. 

నేను జనంలోకి దూరాను. జుట్టు పట్టి ఎవరో లాగారు, చీర చెంగు చిరిగింది. ఒకడి చెయ్యి కొరికాను. నా పళ్లకు వాడి వెంట్రుకలు తగిలిన సంగతి ఇప్పటికీ గుర్తుంది. మిస్త్రీ మీద అడ్డంగా పడ్డాను. గుంజ దెబ్బ ఒకటి నా భుజం మీద పడింది. 

"ఆయన చెయ్యి వదిల్తే అందరు సస్తరు. మీద నా బిడ్డ ఉన్నది" అన్నాను. 

ఆమె భర్త గుంజ ఎత్తినవాడు ఎత్తినట్టే పైకి చూశాడు. అక్కడ ఒక చిన్న ముఖం రాడ్ మీదుగా కిందికి చూస్తోంది. అతను గుంజ పారేశాడు. చక్రం అంచు పట్టుకోమని పక్కవాళ్లను కేకేశాడు. అంతవరకు తన్నినవాళ్లే పది మంది అంచు పట్టుకున్నారు. మిస్త్రీ నెత్తురు ఉమ్ముతూ, కట్టె కొద్దికొద్దిగా సడలిస్తూ, ఇటు, జర ఆగుండ్రి, ఇటు అని చెబుతుంటే ఒక్కొక్క డబ్బా కిందికి దించారు. ఒకటో నంబరు చివరికి వచ్చింది. 

దాని రాడ్ తీసింది అతనే. చీల చూశాడు. బెల్టు విప్పి చేత్తో తడిమి చూశాడు. నా బిడ్డను ఎత్తి నా చేతికి ఇచ్చి, జంపఖానా అంచు పైకెత్తి నేతను చూశాడు. 

"మా దాంట్ల గీ బెల్టు లేకుండె. ఎందుకు లేకుండెనమ్మా?" 

అతను నన్ను కొట్టి ఉంటే బాగుండేదనిపించింది. అతను కుట్లు పుటపుట తెంపి జంపఖానా బయటికి లాగి, భార్య పక్కన పరిచాడు. నలుగురు నాలుగు మూలలు పట్టుకుని ఆమెను దవాఖానకు మోసుకుపోయారు. 

ఆమె బతికింది. దవడ వంకరగానే అతుక్కుంది. నేను రెండుసార్లు వెళ్లాను. రెండోసారి ఆమె అత్త నన్ను గడప దాటనివ్వలేదు. పోలీసులకు వైరు సంగతి నేనే చెప్పానని తెలిసి నా భర్త మళ్లీ చెయ్యెత్తాడు. ఈసారి నా చేతిలో ఆ పానా ఉంది. ఆయన చెయ్యి దించాడు. నేను మాత్రం చాలాసేపు దించలేదు. 

మరుసటి ఏడాది తొర్రూరులో రాట్నం మళ్లీ నిలబడింది. అదొక్కటే మాకు తెలిసిన బతుకు. చీలలన్నీ కొత్తవి, బెల్టులు కొత్తవి అన్నాడు నా భర్త. సాయంత్రం, బోణీకి పిల్లను తీసుకురమ్మన్నాడు. నేను టికెట్ల కట్ట ఒళ్లో పెట్టుకుని కదలలేదు. అటు మిస్త్రీ కూడా, వంకరపోయిన వేళ్లతో బీడీ ముట్టించుకుని ఇంజను పక్కన కూర్చుండిపోయాడు. 

"బోణీ నువ్వే ఎక్కాలె" అన్నాను. "ఏ డబ్బానో లైన్ల నిలబడ్డోళ్లు చెప్తరు." 

లైనులో అందరూ వింటున్నారు. ముందు నిలబడ్డ ముసలమ్మ పొగాకు నములుతూ, ఏడోది ఎక్కు కొడుకా అంది. వెనకనుంచి ఎవరో, పిలగాండ్లు ఏడ్సినట్టు ఏడ్వకు మల్ల అన్నారు. జనం నవ్వారు. ఆయన ముఖం నల్లబడింది. ఎక్కాడు. 

చక్రం తిరిగింది. నేను టికెట్ల డబ్బా బయటికి వచ్చి, నా బిడ్డ మణికట్టు గట్టిగా పట్టుకుని పైకి చూస్తున్నాను. ఆయన పైకి చేరినప్పుడు, ఆ రాడ్ ఊడిపోతే అనే ఆలోచన ఒకటి వచ్చింది. అది భయం కాదు. ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే రాస్తున్నాను. 

ఐదు కాదు, ఏడు తిప్పులూ తిప్పాడు మిస్త్రీ. దిగేటప్పుడు ముఖం చూడాలని మామగారు అనేవాడు కదా, చూశాను. చెమట. రాడ్ పట్టుకున్న వేళ్లు తెల్లబడి ఉన్నాయి. నా వైపు చూడకుండా మిస్త్రీ దగ్గరికి వెళ్లి, నెమ్మదిగా చెప్పాడు. 

"ఏడో దాని చీల జర లూజున్నది. సూడు." 

మిస్త్రీ బీడీ ఆర్పి పానా తీసుకుని లేచాడు. నేను మళ్లీ టికెట్ల డబ్బాలో కూర్చోగానే, ఎంత సేపైతదని ముసలమ్మ కిటికీలోంచి చెయ్యి పెట్టింది. ఆగాలని చెప్పాను. చెయ్యి వెనక్కి తీయకపోతే, తల కిందికి వంచి కిటికీలోంచి ఆమె ముఖం చూసి మళ్లీ చెప్పాను, ఆగాలని.