సేపా చీపురు పట్టని మూడు రోజులు

సేపా చీపురు పట్టిందంటే చేపల బజారులో రాలిన పొలుసులన్నీ వాటంతట అవే లేచి వరసలో నిలబడేవట. ఇందులో సగం అబద్ధం. ఏ సగమో ఊళ్లో ఇంకా తేలలేదు.

పంతొమ్మిదో ఏట కొబ్బరి ఈనెల చీపురు చేతపట్టి, సమార్ దీవి తూర్పు ఒడ్డునున్న ఆ చిన్న ఊరి బజారును ముప్ఫై ఎనిమిదేళ్లు ఊడ్చింది. మొగుడు కూడా అక్కడే దొరికాడు. తేయోంగ్ అనే పడవవాడు, ఆమె అప్పుడే ఊడ్చిన నేల మీద గంపెడు చేపలు ఒలకబోశాడు. ఒక్కొక్కటీ ఏరితేగాని కదలనివ్వనని సేపా నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. అతను పొద్దుగూకే దాకా ఏరాడు. చివరి చేప గంపలో పడేసరికి పెళ్లి మాట కూడా అయిపోయింది. కావాలనే ఒలకబోశానని తరవాత అందరికీ చెప్పుకునేవాడు. కాలు జారిందని అందరికీ తెలుసు.

అన్నేళ్లలో ఆమె చీపురు పక్కన పెట్టింది ఒక్కసారే. బియ్యపు రొట్టెలమ్మే ముసలామె తన కొట్లోనే కన్ను మూస్తే, శవం లేచేదాకా సేపా బజారు ఊడవలేదు. శవమున్న చోట చీపురు కదిపితే వెనకాలే ఇంకో ప్రాణం పోతుందని అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. బజారంతా ఈగలు ముసిరినా ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఆమె యాభై ఏడో ఏట, డిసెంబరులో తుఫాను సముద్రాన్ని ఊరి మీదికి తెచ్చింది. సేపా ఇల్లు పోయింది. తేయోంగ్ నీలం పడవ చర్చి మెట్ల మీద రెండు ముక్కలై కనిపించింది. నూట నలభై కుటుంబాలను తీసుకొచ్చి బాస్కెట్‌బాల్ కోర్టులో పెట్టి, దానికి శిబిరం అని బోర్డు కట్టారు. పైన రేకులున్నాయి, గోడలు లేవు. వాన పక్కల నుంచి వచ్చేది. అందరికీ కలిపి రెండు మరుగుదొడ్లు, ఒక కుళాయి. కంచెకు అవతల బడి. అందులో పక్కా కప్పుతో నాలుగు కొత్త గదులు, నాలుగు తాళాలు.

మొదటి రోజే తేయోంగ్‌కు ఛాతీ పట్టేసింది. తడిసిన చాప మీద ముడుచుకుని, "నలభై ఏళ్లు సముద్రంలో తిరిగానే, ఇంత తడి అక్కడ కూడా చూళ్లేదు" అన్నాడు. సేపా నవ్వలేదు. లేచి కపితాన్ దగ్గరికి వెళ్లింది.

కపితాన్ మెల్చోర్ ఆ పేటకు పెద్ద. చెడ్డవాడు కాదు, పైవాళ్లంటే వణుకు, అంతే.

"ఒక్క గది కపితాన్. ఆయన ఒక్కడికే. నేను బయటే ఉంటాను."

"తాళంచెవి హెడ్మిస్ట్రెస్ దగ్గరుంది మానా. ఆవిడ చెల్లెలి ఊరు వెళ్లింది."

ఊళ్లో అందరికీ ఆమె మానాయే, అంటే అక్క. అక్క అని పిలిచి లేదన్నాడు.

రెండో రోజు అడిగితే పైనుంచి ఉత్తర్వు రావాలన్నాడు. మూడో రోజు అసలు సంగతి బయటపడింది. గదుల్లో కొత్త బెంచీలున్నాయట. ప్రారంభోత్సవం అయ్యేదాకా వాటి మీద చెయ్యి పడకూడదట.

"బెంచీలకు జలుబు చేస్తుందా కపితాన్?" గంజి కోసం వరసలో నిలబడ్డ ఈసింగ్ అరిచింది. ఎండుచేపలమ్మే ఈసింగ్ గొంతుకు లౌడ్‌స్పీకర్ అక్కర్లేదు. "పోనీ వాటిని ఇక్కడికి తెచ్చి పడుకోబెట్టండి. మేం వెళ్లి అక్కడ వరసగా నిలబడతాం! మా మీద కూర్చోవచ్చు!"

వరసంతా నవ్వింది. అంతలో గంజి అయిపోయిందని గరిట చప్పుడు చెప్పింది. సగం మంది ఖాళీ పళ్లేలతో మిగిలారు. నవ్వు ఆగి, పళ్లేలు ఇనుప కడ్డీల మీద మోగడం మొదలైంది. కపితాన్ మైకు తీసుకుని ఓపిక పట్టమన్నాడు. ఆ శిబిరంలో అందరికీ సరిపడా పంచింది అదొక్కటే.

ఇంత గోలలోనూ సేపా రోజూ పొద్దున్నే కోర్టు ఊడ్చేది. ఎవరూ చెప్పలేదు. ఊడ్చిన చోట జబ్బు తక్కువని ఆమె నమ్మకం. ఊడ్చి, మొగుడి చాపను వాన రాని మూలకు జరిపేది. కాసేపటికి వాన ఆ మూలకూ వచ్చేది.

నాలుగో రోజు పెద్ద రాయి తీసుకుని కంచె దాకా వెళ్లింది.

"వద్దే" అన్నాడు తేయోంగ్, దగ్గు ఆపుకుంటూ. "ఇన్నేళ్లు ఊరిని ఊడ్చినదానివి. తాళం పగలగొడితే దొంగ అంటారు."

సేపా రాయి వదిలేసింది. అది ఎక్కడ పడిందో ఆమె ఇప్పటికీ చూపించగలదు.

ఐదో రోజు ఉదయం, ఆమె చాపను ఇంకో మూలకు లాగుతుండగా తేయోంగ్ పోయాడు. చాప మీద బరువు మారలేదు. అయినా ఆమెకు తెలిసింది.

శిబిరంలోని వడ్రంగులు అతని పడవ చెక్కలతోనే పెట్టె చేశారు. నీలం రంగు అలాగే ఉంది. పెట్టెను కోర్టు మధ్యలో పెట్టారు. సేపా చీపురును స్తంభానికి వేలాడదీసింది. అది చూసి మిగతావాళ్లూ తమ చీపుళ్లు పక్కన పెట్టారు.

మర్నాటికి బురద, గిన్నెలు, పసివాళ్ల గుడ్డలు, పొంగిన మరుగుదొడ్లు అన్నీ ఏకమయ్యాయి. సరిగ్గా ఆ రోజే రాష్ట్ర రాజధాని నుంచి పెద్ద అధికారి, వెంట కెమెరాలతో వస్తున్నాడని కబురు. కపితాన్ చెమటలు కక్కుతూ వచ్చాడు.

"మానా, ఇవ్వాళ ఒక్కసారి చీపురు పట్టు. నీ కాళ్లు మొక్కుతాను."

"శవమున్న ఇంట్లో ఊడవమంటారా కపితాన్? తరవాత ఎవరు పోవాలి? పేరు చెప్పండి, ఊడుస్తాను."

కపితాన్ చుట్టూ చూశాడు. ఎవరూ కదల్లేదు. తనే స్తంభం దగ్గరికి వెళ్లి చీపురు మీద చెయ్యి వేశాడు.

"మీ అమ్మగారు ఇంకా మంచం మీదే ఉన్నారా?" ఈసింగ్ చాలా మర్యాదగా అడిగింది.

అతను నిప్పు తాకినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పుడొక ఉపాయం తట్టింది. "సరే, పెట్టెను బడిలో పెడదాం. అప్పుడిది శవమున్న ఇల్లు కాదు కదా! పట్టండి, పట్టండి!" అంటూ ఆత్రంగా చొక్కా జేబులోంచి తాళంచెవుల గుత్తి తీశాడు.

తీశాక గాని అతనికి తను ఏం తీశాడో తెలియలేదు.

"హెడ్మిస్ట్రెస్ చెల్లెలి ఊరు మీ జేబులోనే ఉందన్నమాట" అంది సేపా. ఆమె గొంతు పెరగలేదు.

పెట్టెను గదిలోకి మోశారు. కొత్త బెంచీలు రెండు జరిపి వాటి మీదే పెట్టారు. శవాన్ని ఒంటరిగా వదలకూడదు కాబట్టి వాళ్ల వెనకే ఈసింగ్ తన మూటతో వచ్చింది. ఆమె వెనక బాలింతలు, ముసలివాళ్లు, పిల్లలు, దిండ్లు, కోళ్లు. మధ్యాహ్నానికి నూట నలభై కుటుంబాలూ నాలుగు గదుల్లో, వరండాలో తేయోంగ్‌కు తోడు కూర్చున్నాయి. అధికారి వచ్చేసరికి శిబిరంలో కనిపించింది ఒక్కడే, ఒంగి ఊడుస్తున్న కపితాన్.

పోయిన మూడో రోజు తేయోంగ్‌ను పాతిపెట్టి వచ్చారు. వరండాలో కపితాన్ నాలుగు తాళాలు పట్టుకుని తల దించుకుని నిలబడ్డాడు.

"తొమ్మిది రోజుల ప్రార్థనలున్నాయి" అంది సేపా. "ఆయన పెట్టె ఉంచిన చోటే చెయ్యాలి."

"తొమ్మిదే కదా మానా?"

"తరవాత నలభయ్యో రోజు."

"ఏడాది సంగతి కూడా ఇప్పుడే చెప్పెయ్ మానా" అంది ఈసింగ్. "మళ్లీ మర్చిపోతారు."

కపితాన్ తాళాలు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

శవం లేచింది కాబట్టి ఇక ఊడ్చవచ్చు. సేపా చీపురు తెచ్చుకుని గదిలో పెట్టె ఉన్న చోట ఒంగింది. ముందు అరచేతితో నేలను తాకి చూసింది. పొడిగా ఉంది. అక్కడ ఊడవడానికేమీ లేదు. అయినా చాలాసేపు ఊడ్చింది.