ప్లేటు మీది గంజి పొర

ఇన్నేళ్లూ విమల టీచర్ గురించి రాయకపోవడానికి కారణం మరపు కాదు. ఏడేళ్లకే నన్ను రాట్నం ముందు కూర్చోబెట్టారు. నూలు కండెలు చుట్టడమే నా చదువైంది. ముప్పై అయిదు దాటాక అక్షరాలు వచ్చాయి. ఒక మనిషిని కాగితం మీద నిలబెట్టగల వాక్యం రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. నిన్న పక్కింటివాళ్లు చీరలకు గంజి పెట్టి మిద్దె మీద ఆరేశారు. ఆ పులిసిన వాసన కిటికీలోంచి రాగానే, ఇక ఆలస్యం చేయకూడదనిపించింది.

ఎనభైల మాట. హసన్‌పర్తి అవతల మా సాలోళ్ల గల్లీకి కరెంటు లేదు. విమల టీచర్ హనుమకొండ నుంచి బస్సులో వచ్చి, మగ్గాలు ఆగాక చేనేత సంఘం గదిలో ఆడవాళ్లకు చదువు చెప్పేది. కందిలి పొగకు మా కళ్లు నీళ్లు కారడం చూసి, ఏ ఆఫీసు చుట్టూ తిరిగిందో గానీ, ఒక సోలార్ లైటు తెప్పించింది. గది పక్కన కడ్డీకి మనిషెత్తున ఒక నల్లటి గాజు ప్లేటు, లోపల బ్యాటరీ, గోడకు ట్యూబులైటు. అంతే సరంజామా.

"టీచరమ్మా, పొద్దు మునిగినంక గిదెట్ల వెలుగుతాంది?" అని మొదటి రోజే అడిగాను. ఆమె సూటిగా జవాబు చెప్పే మనిషి కాదు.

"మీ గల్లీకి నల్లా నీళ్లెప్పుడొస్తయే కనకమ్మా?"

"పొద్దుగాల."

"మరి మాపటికి వంటెట్ల చేస్తవ్?"

"బిందెల పట్టి పెట్టుకుంటం గద."

"గా బ్యాటరీ బిందె అనుకో. ప్లేటు మీద వెలుగు పడితే కరెంటు పుడుతది. పగలంత బిందె నిండుతది. మాపటికి లైటు తాగుతది."

"అచ్చం మా ఇంటాయన లెక్కనే!" అంది పక్కన కూర్చున్న రాజవ్వ. గదంతా నవ్వింది. టీచర్ నవ్వుతూనే పలక నా వైపు జరిపింది. "నవ్వింది చాలు, ఒత్తులు రాయుండ్రి."

ఆ చలికాలం లైటు మొరాయించింది. వెలిగించిన కాసేపటికే ఎర్రబడి ఆరిపోయేది. సరిగ్గా నడవని సెట్లను ఆఫీసువాళ్లు విప్పి వేరే ఊళ్లకు తీసుకుపోతున్నారని కబురొచ్చింది. మా ఊరికి సోమవారం వస్తారట. నాకు అప్పటికి పేరు రాయడం వచ్చింది, చదవడం కూడబలుక్కుంటున్నాను. లైటు లేకపోతే చదువు కరెంటున్న ఇంకో చోటికి మారుతుందట, అంత దూరం మా ఇంట్లో పంపరు. ఆ లైటు పోతే నా చదువు అక్కడితో సరి.

ఆదివారం మధ్యాహ్నం టీచర్ గొడుగేసుకుని వచ్చింది.

"ఎండకు వేడి లేదు టీచరమ్మా, అందుకే నిండుతలేదు," అన్నాను.

"వేడి కాదే, వెలుగు గావాలె దానికి. ప్లేటు బాగ వేడెక్కితే దాని పని ఇంక తగ్గుతది. బ్యాటరీల నీళ్లు చూసినవా?"

"మీరిచ్చిన సీసాల నీళ్లే పోసిన."

ఆమె నన్ను బ్యాటరీ పెట్టె మీద, కరెంటు ఎంత ఎక్కుతోందో చూపే ముల్లు దగ్గర నిలబెట్టి, బయటికి పోయి గొడుగు ప్లేటు మీద పట్టింది. ముల్లు పడిపోయింది. గొడుగు తీసింది. ముల్లు సగం లేచి ఆగిపోయింది.

"నీడ పడితే గట్లయితది. గొడుగు తీసినా పూర్తిగ లేస్తలేదంటే ఇంకేదో నీడున్నది. ఎతుకు," అంది.

చెట్టు నీడ లేదు, గోడ నీడ లేదు. ఆమె అరుగు మీద కూర్చుంది. చివరికి ప్లేటు మీద అరచేయి పెట్టాను. గాజు నున్నగా లేదు. గంజి ఎక్కిన పడుగు దారాలను తాకినట్టు గరుకుగా ఉంది. రోజూ పొద్దున మా మగవాళ్లు ఆ పక్కనే గల్లీలో పడుగు పరిచి, కుంచెలతో గంజి పట్టిస్తారు. విదిలించిన ప్రతిసారీ తుంపర్లు ప్లేటు మీద ఎండి పొర కట్టాయి. తడిగుడ్డతో తుడిస్తే తెల్లటి నీళ్లు కారాయి. లోపలికి పరుగెత్తి చూశాను. ముల్లు నిండుగా లేచి నిలబడింది.

"మీరు ప్లేటుకు గూడ గంజి వెట్టిండ్లా!" అని ఆమె పగలబడి నవ్వింది. ఆ నవ్వులో నా మీద ఆమెకున్న గర్వం నాకు వినబడింది.

సోమవారం ఆఫీసాయన వచ్చి అంతా చూశాడు. "లైటు బాగనే ఉన్నది. దీన్ని చూసుకునేటోళ్లెవరు?" అన్నాడు. టీచర్ నన్ను చూసింది.

"నేను," అన్నాను. బిందె ముచ్చట, నీడ ముచ్చట, గంజి ముచ్చట చెప్పాను.

"మళ్ల గంజి పడకుండ పూచీ ఎవరిది?"

"నాదే సార్."

సెట్టు మా దగ్గరే ఉంచి ఆయన వెళ్లిపోయాడు. బస్సు దాకా సాగనంపడానికి పోతే టీచర్ అంది: "సారుతోని అన్నవ్, మంచిగనే ఉన్నది. రేపు పడుగు పరిచే మీ చిన్నమామతోని గూడ అనాలె."

ఆమె నాకు అక్షరాలు నేర్పిందని అందరికీ చెబుతాను. అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. ఏది మసకబారినా నా రాత అనుకుని కూర్చోవడం మానేశాను. ముందు దాని మీద పడ్డ నీడ ఏదో వెతుకుతాను, దొరికాక నోరు తెరుస్తాను.

ఆఫీసాయన వచ్చిపోయిన మర్నాడు పొద్దున చిన్నమామ ఎప్పటిలాగే ప్లేటు పక్కన పడుగు పరిచే కర్రలు దించాడు. నా మగని చిన్నాయన, గల్లీకి పెద్ద. పెళ్లయి వచ్చిననాటి నుంచి నేను ఆయన ముందు నోరెత్తింది లేదు. పోయి ప్లేటుకు అడ్డంగా నిలబడ్డాను.

"చిన్నమామా, పడుగు జర గల్లీ ఆ కొనకు పెట్టుండ్రి. గంజి దీని మీద పడుతాంది."

"నువ్వెవలివే, నాకు జెప్పవట్టినవ్?"

"లైటు పూచీ నాది, మామా."

కుంచెలు ఆగాయి. నేను వంగి కర్ర ఒక కొస ఎత్తి పట్టుకుని, రెండో కొస వైపు చూశాను. ఆయన వచ్చి దాన్ని పట్టుకున్నాడు.