మాకవరపాలెంలో వదిలేసిన బస్సు

1974 వేసవిలో నర్సీపట్నం పశువుల ఆసుపత్రిలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా చేరాను. అది నా మొదటి పోస్టింగు. అక్కడున్న కాలంలో, కోటవురట్ల మొదలు కొయ్యూరు కొండల దాకా, ఈనలేక అవస్థపడే గేదె ఏదీ నా చెయ్యి పడ్డాక చావలేదు. ఈ మాట నేను చాలా సభల్లో చెప్పాను. జూనియర్లు శ్రద్ధగా రాసుకున్నారు కూడా.

తరవాత బదిలీలు, ప్రమోషన్లు. 1986 నాటికి హైదరాబాదులో కుర్చీ ఉద్యోగం. ఆ ఏడాది వానాకాలంలో విశాఖలో ఒక సమావేశం పడింది. ముందురోజు ఖాళీ. పాత ఊళ్లు చూసి సాయంత్రానికి తిరిగొచ్చేద్దామని మా ఆవిడను వెంటబెట్టుకుని పొద్దున్నే బస్సెక్కాను. ఊళ్లు నన్ను మరిచిపోయి ఉండవని నా నమ్మకం. కోటవురట్ల టీకొట్టులో పేరూ హోదా రెండూ చెప్పుకుంటే, అక్కడి పెద్దమనిషి శ్రద్ధగా విని, సిమెంటు పర్మిట్లు ఇచ్చేది మీరేనా అని అడిగాడు. నర్సీపట్నం ఆసుపత్రిలో కొత్త డాక్టరు లేడు. గొంతువాపు టీకాలు వేయించడానికి కొయ్యూరు వెళ్లాడట. నేనెవరని అడిగేవాళ్లు కూడా లేరు. మా ఆవిడ దారిపొడవునా నవ్వు ఆపుకుంటూనే ఉంది.

మాకవరపాలెంలో దిగగానే మాత్రం "డాక్టరు బాబూ" అని ఒక కేక వినిపించింది. దానియేలు. వడ్రంగి. ప్రార్థన మందిరంలో బల్లలు, తలుపులు బాగుచేసేది అతనే. పూర్వం గేదెల్ని నా దగ్గరికే తోలుకొచ్చేవాడు. ఆ పిలుపుతో పొద్దుటి అవమానాలన్నీ మాఫీ అయిపోయాయి. కానీ అతను కుశలప్రశ్నలకు ఆగలేదు.

"గేదె పొద్దున్నుంచి నొప్పులు పడతంది బాబూ, ఈనట్లేదు. కొత్త డాక్టరు గారు కొండెక్కీసేరంట. బేగి రండి."

ఆ ఇంట్లో ఉన్నది ఆ ఒక్క గేదే. అంతకు ముందుది ఎండాకాలంలో పోయింది. ఇదీ పోతే మళ్లీ పాడి మొహం చూడలేమని అతని భార్య ఎస్తేరమ్మ చెప్పింది, నాతో కాదు, మా ఆవిడతో.

పశువుల శాలలోకి వెళ్లి, చేతికి సబ్బు రాసుకుని గేదెను లోపల పరీక్షించాను. దూడ వచ్చే దారి, పిండిన తువ్వాలులా మడతలు పడి ఉంది. గర్భసంచి మెలిపడింది. సూడిగేదెల్లో ఇది అరుదేమీ కాదు, మందుతో మాత్రం పోదు. గేదెను పక్కకు పడుకోబెట్టి, కాళ్లు కట్టి, పొట్టమీద ఏటవాలుగా ఒక పలక ఆనించి, దానిమీద ఒకరు నిలబడతారు. ఆ బరువుకు సంచి కదలదు. మిగతావాళ్లు గేదెను దొర్లిస్తారు. సంచి ఎటు తిరిగిందో ఒంటినీ అటే తిప్పి, దాన్ని అందుకోవాలన్నమాట. రెండోవైపు తిప్పితే మెలిక ఇంకా బిగిసి తల్లీ దూడా రెండూ పోతాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. మొదట్లో రాసిన గొప్ప కొంచెం సాగదీసింది. కొంచెమేమిటి, నా చెయ్యి పడ్డాక చచ్చినవి బాగానే ఉన్నాయి. వాటి యజమానులు సభలకు రారు గనక ధైర్యంగా చెప్పేవాణ్ణి. పైగా ఆ రోజుకి నేను ఈనే గేదెను ముట్టుకుని ఏళ్లు గడిచాయి.

దానియేలు మందిరంలోని బల్ల పైపలక ఊడదీసి తెచ్చాడు. ఎస్తేరమ్మ దానిమీద నిలబడింది. ఇరుగుపొరుగు తాళ్లు పట్టారు. మెలిక ఎక్కువగా కుడివైపే పడుతుంది. ఇదీ అంతే అనుకున్నాను గానీ, మడత ఎటు తిరిగిందో చివరిదాకా వేలు పోనిచ్చి చూడలేదు. కుడివైపు దొర్లించమన్నాను. వీడలేదు. చాలలేదేమోనని మళ్లీ అటే దొర్లింపించాను. ఇంతకుముందు అరచెయ్యి పట్టిన చోట ఈసారి వేళ్లే దూరాయి.

గేదె మూలగడం మానేసి మెడ నేలకు వాల్చింది.

"ఏటి బాబూ, ఏటీ మాటాడరు?" అంది ఎస్తేరమ్మ, పలక మీంచే.

ఇదంతా మామూలే అన్నాను.

దానియేలు తాడు కింద పెట్టాడు. "మామూలైతే మీకా సెమటలేటి బాబూ?"

పొట్ట కోసి దూడను తీద్దామంటే కత్తి లేదు, మత్తుమందు లేదు. ఆ ఊళ్లో నాకు డ్యూటీయే లేదు. గేదె పోయినా నన్ను సంజాయిషీ అడిగేవాళ్లుండరు. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద అనకాపల్లి బస్సు హారన్ కొట్టింది. మాకు అదే ఆఖరిది. మర్నాడు డైరెక్టరు గారి ముందు కూర్చోవాలి. అయినా ఆ బస్సును వదిలేశాను. కాసేపు బయటికి వెళ్లి, గాలి పీల్చుకుని, ఆలోచించుకుని వచ్చాను.

వచ్చి మళ్లీ చెయ్యి పెట్టాను. ఈసారి మడత వెంట వేలు నెమ్మదిగా పోనిచ్చాను. అది ఎడమకు తిరిగి ఉంది. రెండుసార్లు తప్పువైపు తిప్పించానని చెప్పే ధైర్యం లేక, ఇప్పుడిక ఎడమవైపు తిప్పాలని మాత్రం అన్నాను. గేదె మారుమాట్లాడే స్థితిలో లేదు, జనం మళ్లీ తాళ్లు పట్టారు. మొదటి దొర్లింపుకు నేను బిగించింది కొంత వీడింది. ఇంకోసారి తిప్పినా దారి పూర్తిగా తెరుచుకోలేదు. ఆ తరవాతి దొర్లింపుకు ఉమ్మనీరు భళ్లున వచ్చింది. చెయ్యి పెడితే రెండు గిట్టలు తగిలాయి.

తాడు వేసి లాగాం. దూడ ఊపిరి తియ్యలేదు. ముక్కులో జిగురు తుడిచి, గడ్డిపోచతో గెలికాను. చాలాసేపు గెలికాను. తుమ్మింది. ఎస్తేరమ్మ వంగి దాని వెనక కాలు ఎత్తి చూసింది.

"ఇంత సేసి పోతుదూడేటి బాబూ."

గేదె అప్పటికే మెడ ఎత్తి దూడను నాకుతోంది. ఎస్తేరమ్మ కుడితి తేవడానికి లోపలికి పరిగెత్తింది.

ఆనాడు నేను నేర్చుకున్నది ఇది. మెలికలు ఎక్కువగా కుడివైపే పడతాయన్నది చాలా గేదెల్ని చూసి చెప్పిన మాట. చేతికింద ఉన్న గేదెకు అది వర్తిస్తుందో లేదో చేతితోనే తేల్చుకోవాలి. తేలేదాకా, బస్సు వచ్చినా డైరెక్టరు పిలిచినా, వైద్యుడు పశువు పక్కనుంచి కదలకూడదు.

ఇదంతా మా ఆవిడకు చదివి వినిపించాను. బెండకాయలు తరగడం ఆపకుండానే వింది.

"బస్సును మీరు వదిలేశారేటి? నన్ను కూడా ఆ శాలలోనే వదిలేసి రోడ్డు దాకా పరిగెత్తారు. మోచేతుల దాకా ఆ రక్తం, పేడ చూసి కండక్టరు ఎక్కనివ్వలేదు. ముక్కు మూసుకుని రైట్ అన్నాడు. అందుకు తిరిగొచ్చారు."