ఉపదేశి వేసిన సగం మస్టరు

మా ముత్తాత జోజిరెడ్డి, తాత ఇన్నారెడ్డి గోదావరిఖనిలో ఊరి పెద్దలు. పండుగ ఊరేగింపులో మరియమాత స్వరూపానికి గొడుగు పట్టే హక్కు మా ఇంటిదే.

మా చర్చిలో ఫాదరుకు సాయంగా ఉండే ఉపదేశి, బొగ్గు గనిలో హాజరు రాసి రిటైరైన మనిషి. ఆదివారం పూజకూ మస్టరు రాసేవాడు. ఆలస్యంగా వచ్చినా, ప్రసంగంలో కునికినా సగమే. ఒకసారి తానే కునికి, తనకూ సగమే వేసుకున్నాడు.

"ఈసారి గొడుగు నీకు రాదు పటేలా. నీయన్ని సగం మస్టర్లే," అన్నాడు.

"మా తాత వచ్చేదాకా పూజ మొదలయ్యేది కాదు."

"ఆయన మస్టరు ఆయనకు. నీకెందుకు ఆలస్యమైతుంది?"

"జీపు స్టార్ట్ కావట్లేదు."

"మరియమ్మ నిండు నెలలతో గాడిద మీద పోయి టైముకు చేరింది. నువ్వు నడిచి రా."

ఆరు వారాలు నడిచి, ఆయన చర్చి తలుపు తీయకముందే మెట్ల మీద నిలబడ్డాను. పండుగనాడు గొడుగు నేనే పట్టాను. జీపును మందమర్రిలో పాత ఇనుముకు అమ్మేశాం.